బడి దగ్గర వేగం చూపే బోర్డులు

ఎదురుగా వచ్చే బండి వేగాన్ని రాడార్‌తో కొలిచి, ఆ అంకెను నడిపేవాళ్లకే వెలిగించి చూపే ఎలక్ట్రానిక్ ఫలకాన్ని మన దగ్గర స్పీడ్ డిస్‌ప్లే బోర్డు అంటున్నారు. ఇది ఫొటో తీయదు, చలానా పంపదు. పైన ‘గరిష్ఠ వేగం 30’, కింద ‘మీ వేగం 52’ అని చూపి ఊరుకుంటుంది. నిజానికి బండి లోపల స్పీడోమీటరు మీద ఉన్న అంకే ఇది. తెలిసిన అంకెను మళ్లీ చూపిస్తే బండి ఎందుకు నెమ్మదిస్తుందన్న ప్రశ్న మీద అమెరికా, బ్రిటన్లలో చాలా పరిశోధన జరిగింది. మిగతా చోట్ల కంటే బడి ముందు ఈ బోర్డు మెరుగ్గా పనిచేస్తుందనడానికి అందులో ఆధారాలున్నాయి. హైదరాబాద్ ఉత్తర శివార్లలో, దేవరయాంజాల్ లాంటి ఊళ్లలో, దీని అవసరం ఎంత, ఉపయోగం ఎంత అన్నది తేలాలంటే ముందు అక్కడి రోడ్లను చూడాలి.

మూడు రోడ్ల నడుమ ఊరు

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా శామీర్‌పేట మండలంలోని దేవరయాంజాల్‌కు పడమర వైపు కొంపల్లి, మేడ్చల్ మీదుగా నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. తూర్పు వైపు హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి, అంటే 1వ నంబరు రాష్ట్ర రహదారి. ఉత్తరాన ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్ల ఔటర్‌ను చుట్టు పూర్తి చేసిన చివరి ముక్క ఇక్కడికి దగ్గరలోని కండ్లకోయ కూడలే. 2018 మే నెలలో దాన్ని తెరిచారు. ఈ మూడింటినీ కలిపే అడ్డదారులు ఊళ్ల మధ్య నుంచి, బడుల ముందు నుంచి పోతాయి.

దేవరయాంజాల్ పేరు రాష్ట్రమంతా వినబడింది మాత్రం రోడ్ల వల్ల కాదు. సీతారామచంద్రస్వామి ఆలయానికి చెందినవని చెప్పే 1,500 ఎకరాలకు పైగా భూముల వివాదం మీద 2021 మేలో ప్రభుత్వం నలుగురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేసింది. ఆ భూముల్లో ఎవరి హక్కు ఎంత అన్నది మన వ్యాసానికి సంబంధం లేని సంగతి. కానీ అప్పుడు పత్రికల్లో పదేపదే కనబడిన మాట ఒకటి సంబంధం ఉన్నదే: గోదాములు. గోదాము ఉన్నచోటికి లారీ రావాలి, కంటైనర్ తిరగాలి. పొలాలకూ ఊరికీ సరిపోయేలా వేసుకున్న దారి మీద సరుకుల రవాణా మొదలైంది. ఆ చుట్టుపక్కల వెంచర్లలో ఇళ్లు లేచేకొద్దీ టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు కూడా దానికి తోడయ్యాయి. ఉదయం బడి బస్సులు తిరిగే వేళా ఇవి తిరిగే వేళా ఒకటే.

ఔటర్ మీద గరిష్ఠ వేగాన్ని 2023 జులై చివర 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. లోపలి రెండు వరుసల్లో 100 నుంచి 120, బయటి రెండింటిలో 80. విభాగిని (డివైడరు) ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు కేంద్రం ఇచ్చిన పరిమితి 100. చాలాసేపు అంత వేగంతో నడిపి పక్కదారిలోకి దిగినవాళ్లకు 60 అంటే దాదాపు నిలబడినట్టే ఉంటుంది. కన్ను, చెవి ముందరి వేగానికి అలవాటుపడి ఉంటాయి. ఉన్న వేగం ఉన్నదానికన్నా తక్కువనిపిస్తుంది. ఇది నిర్లక్ష్యం కాకపోయినా జరుగుతుంది, మంచి డ్రైవరుకూ జరుగుతుంది. ఔటర్ దిగి, సర్వీస్ రోడ్డు దాటి, ఊళ్లోకి మలుపు తిరిగిన కొద్ది నిమిషాలకే బడి గేటు వస్తే ఆ డ్రైవరుకు తన వేగం ఎంతో గుర్తుచేసేది ఏదైనా కావాలి. బోర్డు చేసే మొదటి పని ఇదే. రాజీవ్ రహదారి మీద ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ దాకా 18 కిలోమీటర్ల మేర ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయ్యాక సిగ్నళ్లు లేకుండా దూసుకొచ్చే బండ్లు దిగేది ఈ ప్రాంతంలోనే.

ఏ పరిమితి?

బోర్డు పైభాగాన ఏ అంకె రాయాలి? చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ మన చట్టంలో దీనికి సూటి జవాబు దొరకదు. 2018 ఏప్రిల్ 6న కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఇచ్చిన ప్రకటనలో బండి రకాన్ని బట్టి, రోడ్డు రకాన్ని బట్టి గరిష్ఠ వేగాలున్నాయి. మున్సిపల్ రోడ్ల మీద, ఇతర రోడ్ల మీద కారుకు 70. ద్విచక్ర వాహనానికి, బస్సుకు, లారీకి 60. ఆ పట్టికలో బడికంటూ ప్రత్యేకంగా ఒక వరుస లేదు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ రెండో ఉపవిభాగం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చినవారు గానీ ఒక రోడ్డుకో ప్రాంతానికో ఇంతకన్నా తక్కువ పరిమితి పెట్టి, సూచిక ఫలకాలు నాటవచ్చు. అంటే ఒక్కో బడి ముందు ఎవరో ఒకరు పూనుకుంటేనే పరిమితి పుడుతుంది. ఎర్ర త్రికోణంలో ఇద్దరు పిల్లలు నడుస్తున్న బొమ్మ హెచ్చరిక మాత్రమే; దాన్ని దాటి 65లో వెళ్లిన కారు, వేరే పరిమితి ప్రకటించని రోడ్డు మీద, వేగం విషయంలో చట్టాన్ని మీరినట్టు కాదు.

జీహెచ్ఎంసీ పరిధికి 2022లో రాష్ట్రం వేరే పరిమితులు ప్రకటించింది. విభాగిని ఉన్న రోడ్లపై కార్లకు 60, లేనిచోట 50. మిగతా వాహనాలకు పదేసి తక్కువ. కాలనీ రోడ్లలో అందరికీ 30. దేవరయాంజాల్ అప్పటికి తూంకుంట పురపాలికలో ఉంది కాబట్టి ఆ గీతకు అవతలే మిగిలింది. 2025 డిసెంబరులో తూంకుంటతో సహా 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్ఎంసీలో కలపడంతో ఊరు కాగితాల మీద నగరమైంది.

30 అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన మంత్రుల స్థాయి ప్రపంచ సదస్సు, నడిచేవాళ్లూ బండ్లూ కలగలిసి తిరిగేచోట గరిష్ఠ వేగం 30 ఉండాలని ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం ముప్పు 4 శాతం పెరుగుతుంది. మనిషిని ఢీకొన్న కారు వేగం 50 నుంచి 65కి పెరిగితే ఆ మనిషి చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లవుతుంది. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకాల్లోనే ఇంకా తేలిగ్గా అర్థమయ్యే లెక్క ఉంది. అడ్డం కనబడ్డాక బండి పూర్తిగా ఆగడానికి కావలసిన చూపు దూరం 30 వేగంలో 30 మీటర్లు, 40లో 45, 50లో 60, 60లో 80 మీటర్లు. బ్రేకు మీద కాలు పడేలోపు గడిచే క్షణాలు కూడా ఇందులో కలిసే ఉన్నాయి. నిలబెట్టిన ఆటో వెనక నుంచి ఆరేళ్ల పిల్ల రోడ్డు మీదికి వస్తే డ్రైవరుకు 80 మీటర్ల ముందు కనబడదు.

ఇంకొక లెక్క. బడికి అటూ ఇటూ కలిపి 300 మీటర్లు 60కి బదులు 30లో వెళితే పోయేది 18 సెకన్లు.

లోపల ఏముంది

తెర వెనక ఉండేది చిన్న డాప్లర్ రాడార్. క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పిన సూత్రమే: కదిలే వస్తువు మీద పడి తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యం మారుతుంది, ఆ మార్పు వేగానికి తగినట్టు ఉంటుంది. ఈ బోర్డుల్లో ఎక్కువగా 24 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని సూక్ష్మతరంగాలు వాడతారు. ఆ పౌనఃపున్యంలో గంటకు ఒక కిలోమీటరు వేగానికి సుమారు 45 హెర్ట్జ్ తేడా వస్తుంది. 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దాదాపు 1,790 హెర్ట్జ్ తేడా ఇస్తుంది. స్పీకరుకు కలిపితే చెవికి ఈలలా వినబడే స్థాయి అది. లోపలి చిప్ దాన్ని లెక్కపెట్టి అంకెగా మారుస్తుంది.

రాడార్ బండికి సరిగ్గా ఎదురుగా ఉండదు, రోడ్డు పక్కన ఉంటుంది. ఆ కోణం వల్ల చూపే వేగం అసలు వేగం కన్నా కొంచెం తగ్గుతుంది. 20 డిగ్రీల పక్కగా ఉంటే 60 వేగం 56గా కనబడుతుంది. పొరపాటు ఎప్పుడూ డ్రైవరు వైపే మొగ్గుతుందన్న మాట. ‘బోర్డు ఎక్కువ చూపిస్తోంది’ అని వాదించేవాళ్లలో ఎక్కువమంది స్పీడోమీటరు చూసుకోనివాళ్లే.

విద్యుత్తుకు చిన్న సౌర ఫలకం, బ్యాటరీ సరిపోతాయి, ఎందుకంటే బండి రానప్పుడు తెర ఆరిపోతుంది. తయారీదారులు అనుభవంతో చేర్చిన ఒక ఏర్పాటు చెప్పుకోవాలి. ఒక హద్దు దాటిన వేగాన్ని బోర్డు చూపించదు. అంకె మాయమై ‘నెమ్మది’ అన్న మాటే వెలుగుతుంది. 98 చూపిస్తే వెనక బైకు మీద వచ్చేవాడు 100 చూపించాలని పందెం వేస్తాడు. ఏ దేశం కుర్రాళ్లయినా ఇందులో ఒకటే.

ఇదే కుటుంబంలో వేరే పరికరాలూ ఉన్నాయి, వాటిని కలిపేయకూడదు. పరిమితి దాటిన బండి వస్తేనే వెలిగే బోర్డు ఒకటి. అది అంకె చూపదు, పరిమితినే గుర్తుచేస్తుంది. బడి వేళల్లో మాత్రమే మిణుకుమనే పసుపు దీపం ఇంకొకటి. పోలీసు చేతిలో ఉండే లేజర్ గన్ పరారుణ కిరణాలతో దూరాన్ని పదేపదే కొలిచి వేగం లెక్కగడుతుంది; ఒక్క బండినే గురిపెట్టగలదు. స్పీడ్ కెమెరా వేగంతో పాటు నంబరు ప్లేటు చదివి ఫొటో దాస్తుంది. మొదటి రెండూ చెప్పేవి, చివరి రెండూ పట్టించేవి.

ఫలితాలు

కాలిఫోర్నియాలోని గార్డెన్ గ్రోవ్ నగరం 2003లో అయిదు బడుల దగ్గర వీటిని పెట్టింది. అంతకు ముందు అక్కడ కొత్త సూచిక ఫలకాలు నాటారు, పోలీసులు జరిమానాలు వేశారు. బండ్ల వేగం మాత్రం తగ్గలేదు. బోర్డులు వచ్చాక సగటు వేగం 14 శాతం పడిపోయింది, మూడు బడుల దగ్గర పరిమితి కన్నా కిందికి వచ్చింది. టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు రకరకాల చోట్ల పెట్టి చూశారు. బడి పరిధిలో సగటున గంటకు 9 మైళ్లు, అంటే దాదాపు 14 కిలోమీటర్లు తగ్గింది. మలుపుల దగ్గరా కూడళ్ల దగ్గరా తగ్గింది 5 మైళ్లో అంతకన్నా తక్కువో. బ్రిటన్‌లో పరిమితి దాటితేనే వెలిగే బోర్డుల మీద 2002లో వచ్చిన పెద్ద నివేదిక 60కి పైగా చోట్ల పరిశీలించి, వేగం తగ్గినట్టు నమోదు చేసింది. నార్‌ఫోక్ కౌంటీలో ప్రమాదాలు మూడో వంతు తగ్గాయి.

బడి ముందే ఎందుకంత తేడా? పరీక్ష మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టినట్టు, ఇక్కడ అంకె అందరికీ కనబడుతుంది. గేటు దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులకు, ఆయాకు, పక్క బండివాడికి. తప్పెవరిదో తేల్చే పెద్దమనిషి లేకపోయినా చూసేవాళ్లున్నారు. పైగా బడి ముందు నెమ్మదిగా వెళ్లాలన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. ఖాళీ బైపాస్ మీద 60 పరిమితిని ‘ఎందుకురా ఇది’ అనుకునే మనిషే పిల్లల ముందు 30 సబబే అనుకుంటాడు. ఒప్పుకున్న నియమాన్ని గుర్తుచేస్తే పనిచేస్తుంది; ఒప్పుకోని నియమాన్ని ఎంత వెలిగించి చూపినా పెద్దగా పనిచేయదు.

లోపాలూ నమోదయ్యాయి. బోర్డు దాటిన కాసేపటికి బండి మళ్లీ పాత వేగం అందుకుంటుంది. రోజూ అదే దారిలో వెళ్లేవాళ్లకు కొన్ని నెలల్లో అది గోడలో భాగమైపోతుంది. అందుకే చాలాచోట్ల బోర్డును ఒకచోటే స్థిరంగా ఉంచకుండా కొన్ని వారాలకొకసారి బడి నుంచి బడికి మారుస్తారు.

పట్టించే కెమెరాల కథ వేరు. న్యూయార్క్ నగరం 2013లో వచ్చిన రాష్ట్ర చట్టంతో 20 బడి ప్రాంతాల్లో కెమెరాలు మొదలుపెట్టి, 2019 తర్వాత వాటిని 750 ప్రాంతాలకు పెంచింది, 2022 ఆగస్టు నుంచి రాత్రింబవళ్లు నడుపుతోంది. పరిమితిని 10 మైళ్లకు మించి దాటితే 50 డాలర్లు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో బడి రోజుల్లో ఉదయం 8 నుంచి 9:30, మధ్యాహ్నం 2:30 నుంచి 4 వరకు 40 పరిమితి. 2015 చివరికి ప్రతి బడికీ మిణుకు దీపాలు పెట్టారు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉండే తెలుగువాళ్లకు బడి దగ్గరి పసుపు దీపం వెలిగితే ఫోను పక్కన పెట్టి 20 మైళ్లకు దిగడం అలవాటే. బడి పరిధిలో చేత్తో ఫోను పట్టుకోవడం అక్కడ చట్టరీత్యా తప్పు. అదే మనిషి సెలవులకు వచ్చి కొంపల్లి రోడ్డెక్కితే రెండు రోజుల్లో ఇక్కడి నడకకు మారిపోతాడు. గుణం మనిషిలో కన్నా రోడ్డులో ఎక్కువ ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మన చట్టం, మన చలానా

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 136ఎ సెక్షన్ చేరింది: రోడ్డు భద్రతను ఎలక్ట్రానిక్ పద్ధతిలో గమనించడం, అమలు చేయడం. దానికి విధివిధానాలు 2021 ఆగస్టు 11న వచ్చిన 167ఎ నియమంలో ఉన్నాయి. స్పీడ్ కెమెరా, సీసీటీవీ, స్పీడ్ గన్, ఒంటికి తగిలించుకునే కెమెరా, నంబరు ప్లేటు చదివే కెమెరా వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ప్రతి పరికరానికీ రాష్ట్రం ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి, ఏటేటా దాన్ని కొత్తది చేయించాలి. నేరం జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. కెమెరా ఉన్నచోట ముందే హెచ్చరిక ఫలకం కనబడాలి. అంకె చూపే బోర్డు ఆ జాబితాలో లేదు. అది చూపిన 52ను పట్టుకుని ఎవరికీ చలానా వేయలేరు. ఒక రకంగా ఇది సౌకర్యమే: బడి యాజమాన్యమో, కాలనీ సంఘమో, దాతో ముందుకొస్తే రోడ్డు ఎవరిదో వాళ్ల అనుమతితో పెట్టుకోవచ్చు. వేగం కొలిచే డాప్లర్ రాడార్ పరికరాలను తూనికలు కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలన్న నియమాలు 2025 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. చలానా వేసే యంత్రాల నమ్మకానికి ఇవి ముఖ్యం.

తెలంగాణలో అతివేగానికి వచ్చే ఈ–చలానా జరిమానా వెయ్యి రూపాయలు, పైన సేవా రుసుము 35. ‘వెయ్యీ ముప్పై అయిదు’ అంటే ఔటర్ మీద తిరిగే కార్లవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ చలానాలు కుప్పలుగా పేరుకుపోతే 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చి వసూలు చేశారు. ఖజానాకు డబ్బు వచ్చిన మాట నిజం. కట్టకుండా ఆగినవాడికి లాభమని రెండుసార్లు నేర్పిన మాటా నిజం. శిక్ష అంత వదులుగా ఉన్నచోట అంకె చూపే బోర్డు వెనక భయం నిలబడదు. సిగ్గు ఒక్కటే నిలబడాలి. కేరళ 2023 జూన్‌లో 726 కెమెరాలతో మొదలుపెట్టిన పథకంలో కూడా వేగం కొలిచేవి ఎనిమిదే; మిగతావి ఎక్కువగా హెల్మెట్, సీటుబెల్టు పట్టేవి. ఫొటోలో కనబడే తప్పును పట్టడం సులువు, కొలవాల్సిన తప్పును పట్టడం ఖర్చు.

బడి బస్సుల సంగతి వేరే. సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన ఆదేశాలతో బడి బస్సులకు వేగ నియంత్రణ పరికరాలు తప్పనిసరి అయ్యాయి. 2015 నాటి కేంద్ర నియమం వాటికి 60ని గరిష్ఠంగా పెట్టింది. పిల్లలను మోసే బండికి కళ్లెం వేశాం. పిల్లలు దిగే గేటు ముందు నుంచి పోయే మిగతా బండ్లకు వెయ్యలేదు.

శివార్లలో ఎదురయ్యే చిక్కులు

గార్డెన్ గ్రోవ్‌లో కారు వెనక కారు వస్తుంది. దేవరయాంజాల్ దారిలో లారీ, దాని ఎడమ పక్క నుంచి బైకు, కుడి పక్క నుంచి ఆటో, ఎదురు రాంగ్ రూట్లో ఇంకో స్కూటీ ఒకేసారి వస్తాయి. రాడార్‌కు పెద్ద ఇనుప ముఖం ఉన్నదే గట్టిగా వినబడుతుంది. 30లో పోతున్న లారీ చాటున 55లో దూసుకొచ్చే బైకు కనబడకపోవచ్చు. లేదంటే బైకు అంకెను చూసి లారీవాడు తనదనుకోవచ్చు. అంకె ఎవరిదో తెలియనప్పుడు సిగ్గుపడేవాళ్లూ ఉండరు. అందుకని బోర్డును గుంపుగా వచ్చేచోట పెట్టకుండా, బండ్లు విడివిడిగా వచ్చే నేరు దారి ముక్కలో, దాటే చోటికి 80 నుంచి 100 మీటర్ల ముందు పెట్టడం మేలు. 60లో వచ్చేవాడికి ఆగడానికి కావలసిన దూరం అదే.

రెండో చిక్కు కాలం. ఎప్పుడూ వెలిగే దీపాన్ని ఎవరూ నమ్మరు. దసరా సెలవుల్లో, సంక్రాంతికి, వేసవిలో ‘బడి పరిధి 30’ అని మెరుస్తూ ఉంటే, జూన్‌లో బడులు తెరిచేసరికి దాని విలువ పోతుంది. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు బయటికొచ్చేది మధ్యాహ్నం పన్నెండున్నరకు. పదో తరగతి పరీక్ష కేంద్రం పడ్డ బడిలో తరగతులే మధ్యాహ్నానికి మారతాయి. విదేశీ కంపెనీ బోర్డులో నింపి పంపిన వేళలకు ఇవేవీ తెలియవు. బడి క్యాలెండరును చూసి వేళలు మార్చే మనిషి ఒకరుండాలి, ఆ పని హెడ్‌మాస్టరుదా పోలీసులదా అన్నది ముందే తేల్చుకోవాలి. ఆదివారాల్లో శామీర్‌పేట చెరువు వైపు, దాబాల వైపు పోయే కార్ల వేగం అందరి కళ్లకూ కొడుతుంది గానీ, అప్పుడు బడి లేదు. బడికి ముప్పు సోమవారం ఎనిమిదిన్నరకు.

మూడోది నవ్వొచ్చేదే అయినా నిజం: ఫ్లెక్సీ. జన్మదిన శుభాకాంక్షల బ్యానరుకు రోడ్డు పక్కన ఎత్తుగా, గట్టిగా ఉన్న స్తంభం దొరికితే అది ఏ స్తంభమన్నది ఎవరూ చూడరు. సౌర ఫలకం మీద ఒక మూల గుడ్డ పడ్డా బ్యాటరీ పడిపోతుంది.

బోర్డుకు పోటీ మాత్రం స్పీడ్ బ్రేకరే. జనం అడిగేది దాన్నే, నాయకులు వేయించేది దాన్నే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా కడితే బండి 25లో హాయిగా దాటుతుంది. రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన గట్టు అలా ఉండదు. నడుము విరగ్గొడుతుంది, రంగు లేక రాత్రి బైకును పడేస్తుంది. అయినా కొలతల ప్రకారం కట్టిన గట్టు, జీబ్రా గీతలు, కాలిబాట ముందు వచ్చి తర్వాత బోర్డు వస్తే మంచిది. 2019 నవంబరులో గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద 40 పరిమితి ఉన్నచోట వందకు పైగా వేగంతో వచ్చిన కారు కింద రోడ్డు మీద పడి ఒక మహిళ చనిపోయారు. ఫ్లైఓవర్‌ను మూసి, తర్వాతి జనవరిలో తిరిగి తెరిచేటప్పటికి అక్కడ రంబుల్ స్ట్రిప్పులు, హెచ్చరిక ఫలకాలు, కెమెరాలు అన్నీ చేరాయి. ఏ ఒక్కదాని మీదా నమ్మకం పెట్టలేదు, అది సరైన నిర్ణయమే.

బోర్డు గుర్తుపెట్టుకునేది

ఈ పరికరంలో మన ఊళ్లకు ఎక్కువ పనికొచ్చే సగం, పైకి కనబడని సగమేనని నా అభిప్రాయం. ప్రతి బండి వేగాన్నీ, వచ్చిన సమయాన్నీ బోర్డు తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. తెర ఆర్పేసి కూడా కొలవనివ్వవచ్చు. ముందు రెండు వారాలు తెర చీకటిగా ఉంచి లెక్క తీసి, తర్వాత వెలిగించి మళ్లీ తీస్తే బోర్డు ఎంత పనిచేసిందో తేలుతుంది. ట్రాఫిక్ ఇంజినీర్లు సగటు కన్నా ఎక్కువగా చూసేది 85 శాతం అంకె: వందలో ఎనభై అయిదు బండ్లు ఏ వేగానికి లోబడి వెళ్తున్నాయి అన్నది.

కేంద్రం లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అందులో 71 శాతం మరణాలకు అతివేగం కారణమని రాశారు. ఆ 71 శాతంలో వేగాన్ని ఎవరైనా యంత్రంతో కొలిచినవి ఎన్ని? ఎఫ్ఐఆర్‌లో ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అన్న మాట దాదాపు ప్రతి కేసులోనూ ఉంటుంది. చట్టం భాషలో ఆ మాట లేకపోతే కేసు నిలవదు. కొలిచిన వేగానికీ రాసిన వేగానికీ మధ్య ఈ దూరం ఉన్నంతకాలం ఏ బడి ముందు ఏం చెయ్యాలన్నది ఊహ మీదే నడుస్తుంది. 2025 జనవరిలో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, బడులు, కాలేజీల ముందు దారి సరిగ్గా లేకపోవడం వల్ల ఏటా పది వేల ప్రాణాలు పోతున్నాయన్నారు. అంత పెద్ద అంకె చెప్పిన దేశంలో ఒక గ్రామం బడి ముందు ఉదయం తొమ్మిదికి బండ్లు ఎంత వేగంతో పోతున్నాయో చెప్పే కాగితం సాధారణంగా దొరకదు. ఆ కాగితాన్ని ఈ బోర్డు నెల రోజుల్లో తయారు చేస్తుంది. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్య గోదాముల వైపు పోయే లారీలు 50 దాటుతున్నాయని అందులో తేలితే, బోర్డును అక్కడే ఉంచడం కన్నా ఆ గంటన్నర లారీలను ఆపాలని పోలీసులను అడగడం మేలు. లారీలు 30లోనే ఉండి బైకులు 60 దాటుతుంటే మందు వేరే.

కాగితం చేతికొచ్చాక ఎవరి గుమ్మం ఎక్కాలన్నది మిగులుతుంది. 44వ రహదారి జాతీయ రహదారుల సంస్థది. ఔటర్ హెచ్ఎండీఏది, టోలు, నిర్వహణ 2023 నుంచి 30 ఏళ్ల లీజు మీద ఐఆర్‌బీ సంస్థ చేతిలో ఉన్నాయి. రాజీవ్ రహదారి రాష్ట్రానిది. ఊళ్లోపలి దారులు నగర పాలక సంస్థవి. వేగ పరిమితి ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, చలానా పోలీసులది. దేవరయాంజాల్ చుట్టుపక్కల ఒక బడి బస్సు ఉదయం తిరిగే దారిలో ఈ సరిహద్దుల్ని ఒక్క ట్రిప్పులోనే రెండు మూడుసార్లు దాటుతుంది.